మందుల షాపులో లేని నిషేధం

అత్యవసర గర్భనిరోధక మాత్రలను ఇకపై డాక్టరు చీటీ ఉంటేనే అమ్ముతారంటూ 2024లో రేగిన దుమారం, నియమాలు మార్చడం లేదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పగానే చల్లారింది. చర్చంతా ఆడపిల్లల నడవడి చుట్టూ తిరిగింది. చట్టం పుస్తకం తెరిచినవాళ్లు తక్కువ.

1945 నాటి ఔషధ నియమావళిలో ఓటీసీ (ఓవర్ ది కౌంటర్) అనే జాబితాయే లేదు. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్‌లలోని మందులకు చీటీ ఉండాలని 65వ నియమం చెబుతుంది. ఆ షరతు లేనిదాన్ని వాడుకలో ఓటీసీ అంటున్నాం, అంతే. అత్యవసర గర్భనిరోధకంగా వాడే లెవోనార్జెస్ట్రెల్ మాత్రకు ఆ షరతు 2005లో తొలగింది. అప్పుడు జరిగింది ఒక అడ్డు తీసేయడమే తప్ప, మహిళలకు ప్రత్యేక అనుమతి ఇవ్వడం కాదు. కనుక ఆ అడ్డు మళ్లీ పెట్టాలనేవాళ్లే కారణం చూపాలి.

వాళ్లు చూపే కారణం మితిమీరిన వాడకం. నెలసరి తేదీలు మారతాయి, వికారం ఉంటుంది, క్షయకు వాడే రిఫాంపిసిన్ వంటి మందులు దీని పనితీరును తగ్గిస్తాయి. ఇవన్నీ నిజమే. వీటిని చెప్పడానికే కదా కౌంటర్ వెనక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలన్నది! (ఉంటున్నాడా అన్నది వేరే వ్యాసం.) ఈ మాత్ర ప్రధానంగా అండం విడుదలను ఆలస్యం చేస్తుంది. గంటలు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది. శనివారం రాత్రి అవసరపడిన మనిషిని సోమవారం ఓపీ దాకా ఆగమనడం మందు ఇవ్వకపోవడంతో సమానం.

అసలు చిక్కు కేంద్రం నియమాల్లో లేదు, షాపువాళ్ల భయంలో ఉంది. తమిళనాడులో అధికారిక నిషేధం ఏదీ లేకపోయినా చాలా షాపులు ఏళ్లుగా ఈ మాత్రను తెప్పించడమే మానేశాయి. ఈ భయానికి 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కొంత ఊతమిస్తోందని నా అభిప్రాయం. దాని 3వ సెక్షన్ గర్భస్రావాన్నీ గర్భనిరోధాన్నీ ఒకే క్లాజులో కట్టిపడేసి, రెండింటి మందుల ప్రకటనలనూ నిషేధించింది. నిషేధం ప్రకటన మీదే, అమ్మకం మీద కాదు. కానీ ఆ రెంటినీ ఒకే గాటన కట్టే చూపు మాత్రం డెబ్బై ఏళ్లుగా అలాగే ఉంది. దానికి తోడు మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ ఉండే అబార్షన్ కిట్ల మీద తనిఖీలు. ఆ కిట్ 1971 నాటి గర్భస్రావ చట్టం పరిధిలోది, వైద్యుల పర్యవేక్షణలో వాడాల్సింది. అత్యవసర మాత్ర గర్భాన్ని తొలగించదు, ఆ చట్టానికీ దీనికీ సంబంధమే లేదు. అయినా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తాడన్న బెరుకుతో షాపతను రెండింటినీ కలిపి ‘స్టాక్ లేదు’ అనేస్తాడు.

ఇక్కడే ప్రభుత్వ వైఖరిని నిలదీయాలి. ఇంటింటికీ గర్భనిరోధక సాధనాలు అందించేందుకు 2011లో మొదలుపెట్టిన పథకంలో ఆశా కార్యకర్త ఇదే మాత్రను 2 రూపాయలకు గుమ్మంలో ఇవ్వాలి. చీటీ అడగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పల్లెలో ఆశా చేతిలో ప్రమాదం లేని మందు, పట్నంలో ఫార్మసిస్టు చేతిలో ఎలా ప్రమాదమవుతుంది? జవాబు లేనప్పుడు ‘మార్చడం లేదు’ అన్న ఒక్క ప్రకటన చాలదు. ఓటీసీకి చట్టంలో విడిగా ఒక షెడ్యూల్ తెచ్చి, ఈ మాత్రను అందులో పేరుపెట్టి రాయాలి. ఈలోగా ఇది చీటీ లేకుండా అమ్మదగినదేనని రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలు ప్రతి షాపుకూ లిఖితపూర్వకంగా తెలియజేయాలి.