మిల్లీవోల్టుల మోజు

మా బేస్‌మెంటులో 75 గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు ముందు చేపల్ని చూస్తారు. తర్వాత పక్కన వేలాడే మీటర్లు, వైర్లు చూసి "ఇది చేపల తొట్టా, డేటా సెంటరా?" అని అడుగుతారు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి తెగ మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమే ఓ చేప ప్రాణం మీదకి తెచ్చింది.

ఆ మీటర్లలో ఒకటి ఓఆర్‌పీ మీటరు. నీటిలో ఆక్సీకరణకీ, క్షయకరణకీ మధ్య తూకం ఎటు మొగ్గుతోందో మిల్లీవోల్టుల్లో చెబుతుంది. చాలామంది దీన్ని ఆక్సిజన్ కొలత అనుకుంటారు. కాదు. మిగిలిన తిండీ, చేపల వ్యర్థాలూ కుళ్ళుతుంటే అంకె పడిపోతుంది, నిజమే. కానీ పీహెచ్ పెరిగినా పడిపోతుంది. సున్నపుతేట పోసిన గంటకి అంకె తగ్గిందంటే నీళ్ళు పాడైనట్టు కాదన్నమాట.

సాధారణంగా 300 నుంచి 450 మధ్య ఉంటే మంచిదంటారు. నాది 270. అంతే, నాలోని ఇంజినీరు నిద్రలేచాడు! ఓజోన్ యంత్రం కొన్నాను. స్కిమ్మర్‌కి తగిలించాను. 375 కన్నా తగ్గితే ఆన్, దాటితే ఆఫ్ అని కంట్రోలర్‌కి చెప్పేశాను. వారం తిరిగేసరికి నీళ్ళలో పసుపు ఛాయ పోయి అద్దంలా అయ్యాయి. ఇందులో మాయేం లేదు. నీటికి రంగునిచ్చే సేంద్రియ పదార్థాలని ఓజోన్ విరగ్గొడుతుంది. ఈ లాభం మాత్రం ఖాయం, కాదనను.

కొన్ని నెలలకి అంకె మెల్లగా 330కి దిగింది. యంత్రం రాత్రీపగలూ ఆగకుండా నడుస్తోంది. నీళ్ళు పాడవుతున్నాయేమోనని ఓజోన్ ఇంకాస్త పెంచాను. ఓ పొద్దున్న చూస్తే యెల్లో టాంగ్ ఎగశ్వాస తీస్తోంది. మర్నాడు సాయంత్రానికి పోయింది. మా అబ్బాయి దానికో పేరు కూడా పెట్టుకున్నాడు. వాడికేం చెప్పాలో తోచలేదు.

తర్వాత ప్రోబ్ బయటికి తీస్తే కొన మీద జిగురుగా పాచి! ఓ ఫ్రెండ్ దగ్గర్నించి ఇంకో ప్రోబ్ తెచ్చి పెడితే 470 చూపించింది. అంటే కళ్ళు మసకబారినవాడు "ఇంకా చీకటిగానే ఉంది" అంటుంటే నేను దీపాలు పెంచుతూ పోయాను. దానికి తోడు నీళ్ళు తిరిగొచ్చే దారిలో పెట్టిన కార్బన్ మార్చి నెలలైంది. సముద్రపు నీటిలోని బ్రోమైడ్‌తో ఓజోన్ కలిసి హైపోబ్రోమస్ ఆమ్లం లాంటివి తయారుచేస్తుంది. ఇవి ఓజోన్‌లా తొందరగా పోవు, చేపల మొప్పలకి చేటు. వాటిని తొట్టిలోకి రానీకుండా ఆపాల్సింది ఆ కార్బనే. చేప ఓజోన్ వల్లే పోయిందని కోర్టులో నిరూపించలేను గానీ, నా మనసుకి మాత్రం అనుమానం లేదు.

నేను చేసిన తప్పు మన వృత్తిలో అందరికీ తెలిసిందే. టెస్టు ఫెయిలైతే కోడ్ చూడాలి గానీ, టెస్టు పాసయ్యేలా దిద్దేసి చేతులు దులుపుకుంటే ఎలా? 270 అనేది ఒక లక్షణం. తిండి ఎక్కువ వేస్తున్నానా, స్కిమ్మర్ సరిగ్గా పనిచేస్తోందా, నీళ్ళు మార్చి ఎన్నాళ్ళైంది - ఇవి అడగాల్సింది పోయి అంకెకే వైద్యం చేశాను.

"పెద్ద పబ్లిక్ అక్వేరియాల్లో ఓజోన్ వాడట్లేదా?" అనొచ్చు. వాడతారు. అక్కడ నీటికీ ఓజోన్‌కీ విడిగా గదులుంటాయి, చూసుకోడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనుషులుంటారు. మన బేస్‌మెంటులో ఉండేది మనమూ, మన పిల్లలూ. పీల్చే గాలిలో ఓజోన్ ఎనిమిది గంటల సగటున 0.1 పీపీఎం దాటకూడదని అమెరికాలో పనిచేసే చోట్లకి నియమం. చేపలకే కాదు, మన ఊపిరితిత్తులకీ లెక్కుంది మరి.

వాడొద్దని కాదు నా గోల. వాడితే తక్కువ మోతాదులో, ఎప్పుడూ ఒకే స్థాయిలో వాడండి. నీళ్ళు వచ్చే దారిలోనూ, గాలి పోయే దారిలోనూ కార్బన్ పెట్టి వేళకి మార్చండి. ప్రోబ్ శుభ్రం చేసి, క్యాలిబ్రేషన్ ద్రావణంలో ముంచి సరిచూసుకోండి. కడిగిన వెంటనే చూపించే అంకెని నమ్మకండి, కుదురుకోడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం: కంట్రోలర్ పని అంకెని పైకి లాగడం కాదు, హద్దు దాటితే యంత్రాన్ని ఆపడం. అది కూడా ప్రోబ్ నిజం చెబుతున్నంత సేపే.

నా ఓజోన్ యంత్రం ఇప్పుడు గరాజ్‌లో డబ్బాలో ఉంది. మీటరు మాత్రం తీసెయ్యలేదు. 290 దగ్గర తచ్చాడుతోంది. పొద్దున్నే కాఫీ పట్టుకుని ముందు చేపల్ని చూస్తున్నాను, ఆ తర్వాతే అంకె.