వినగా వినగా... ఒక స్నేహితుడు

కొన్ని పాటలు వినీ వినగానే నచ్చేస్తాయి. వారం రోజులు నోట్లో నానుతాయి. ఆ తర్వాత ఇంకో పాట వస్తుంది, పాతదాన్ని మర్చిపోతాం. మరికొన్ని ఒక పట్టాన కొరుకుడు పడవు. మొదటిసారి 'ఏముంది ఇందులో?' అనిపిస్తుంది. రెండోసారి 'ఏదో ఉన్నట్టుందే' అనిపిస్తుంది. అయిదోసారికి అవి మనల్ని వదిలిపెట్టవు. బ్రిటన్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1975 సెప్టెంబరులో విడుదల చేసిన 'విష్ యు వర్ హియర్' అచ్చంగా ఈ రెండో రకం ఆల్బమ్.

రాక్ అనగానే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు. డ్రమ్ముల మోత, గిటార్ల హోరు, అరుపులు... అంతేగా అంటారు. వాళ్లని కూడా కూర్చోబెట్టి వినిపించదగ్గ ఆల్బమ్ ఇది. మొత్తం అయిదే ట్రాకులు, 44 నిమిషాల నిడివి. మొదటి ట్రాకులో గాయకుడి గొంతు వినిపించడానికే ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది! అప్పటిదాకా ఒక వాతావరణం మనల్ని కమ్ముకుంటూ ఉంటుంది. మబ్బు పట్టిన సాయంత్రం ఇల్లంతా మెల్లగా చీకటి పడుతుంటుందే... అలా.

ఇక పేరు సంగతి. సెలవులకి ఊరెళ్లిన ఇంగ్లిషువాళ్లు బొమ్మల పోస్టుకార్డు మీద అలవాటుగా రాసే మాట అది. 'నువ్వూ ఇక్కడుంటే ఎంత బాగుండేది' అని అర్థం. మన పాత ఉత్తరాల్లో 'ఇక్కడ మేమంతా క్షేమం' లాంటిదన్నమాట. రాసేవాళ్లూ చదివేవాళ్లూ పెద్దగా పట్టించుకోరు. పింక్ ఫ్లాయిడ్ మాత్రం ఆ అరిగిపోయిన మాటని మనస్ఫూర్తిగా అంది. ఎందుకంటే వాళ్లకి నిజంగానే ఒకడు లేకుండా పోయాడు.

కారు అటు తిరగలేదు

పింక్ ఫ్లాయిడ్ అనేది ఎవరి పేరూ కాదు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారుల పేర్లలోంచి చెరో ముక్క తీసి అతికించిన పేరు. అతికించినవాడు సిడ్ బారెట్. కేంబ్రిడ్జి కుర్రాడు. గిటార్ వాయించేవాడు, పాడేవాడు. తొలినాళ్ల పాటలు చాలావరకు అతనే రాశాడు. 1967లో బృందానికి పేరు తెచ్చిన 'సీ ఎమిలీ ప్లే' అతనిదే. ఈ పాట పేరు గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పనుంది.

పేరొచ్చిన ఏడాదే సిడ్ అందరికీ దూరమవడం మొదలైంది. ఎల్‌ఎస్‌డి మత్తు ఒకపక్క, కుదురు తప్పిన మనసు మరోపక్క. వేదిక మీద గిటార్ పట్టుకుని, వాయించకుండా శూన్యంలోకి చూస్తూ నిలబడిపోయేవాడు. ఆసరాగా ఉంటాడని అతని కేంబ్రిడ్జి స్నేహితుడు డేవిడ్ గిల్మర్‌ని బృందంలోకి తీసుకున్నారు. 1968 జనవరిలో ఒకరోజు కచేరీకి బయల్దేరారు. సిడ్‌ని ఎక్కించుకుందామా అని ఒకరు అడిగారు. ఎందుకులే అన్నారు ఇంకొకరు. కారు అతని ఇంటివైపు తిరగలేదు. ఒక స్నేహం అలా ముగిసింది.

అయిదేళ్లు తిరిగేసరికి, 1973లో 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'తో పింక్ ఫ్లాయిడ్ పేరు ప్రపంచమంతా మార్మోగింది. డబ్బు, కీర్తి, కోరుకున్నవన్నీ దొరికాయి. తీరా 1975 జనవరిలో లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో తర్వాతి ఆల్బమ్‌కి కూర్చుంటే, నలుగురిలో ఎవరికీ ఉత్సాహం లేదు. మనుషులు గదిలో ఉన్నారు గానీ మనసులు ఎక్కడో ఉన్నాయి. సరే, ఆ వెలితి మీదే ఆల్బమ్ చేద్దామన్నాడు బేస్ గిటారిస్టు, గేయరచయిత రోజర్ వాటర్స్. సిడ్‌తో ఒకే బడిలో చదువుకున్నవాడు.

నాలుగే నాలుగు స్వరాలు

ఇప్పుడు ఆల్బమ్ పెట్టండి. మొదటి ట్రాకు 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'. సిడ్ కోసమే కట్టిన పాట. మొత్తం తొమ్మిది భాగాలు. అయిదింటిని ఆల్బమ్ మొదట్లో, నాలుగింటిని చివర్లో పెట్టారు.

ముందుగా సన్నగా మెరిసే ఓ నాదం వినిపిస్తుంది. అది గాజుది. అంతకుముందు ఈ బృందం ఇంట్లో వాడుకునే వస్తువులతోనే ఓ ఆల్బమ్ చెయ్యాలని ప్రయత్నించి, వల్లకాక వదిలేసింది. నీళ్లు పోసిన వైన్ గ్లాసుల అంచుల మీద తడివేలు తిప్పి అప్పట్లో పుట్టించిన నాదాన్ని ఇక్కడ వాడుకున్నారు. దాని మీద రిచర్డ్ రైట్ సింథసైజర్ పొగమంచులా పరుచుకుంటుంది. గిల్మర్ గిటార్‌కి తొందర లేదు. ఒక స్వరం మీటి, అది గాల్లో కలిసిపోయేదాకా ఆగి, తర్వాతది మీటుతాడు. మన కచేరీల్లో ఆలాపన విన్న చెవికి ఈ నిదానం కొత్తగా ఉండదు.

నాలుగు నిమిషాలు కావస్తుండగా అంతా సద్దుమణుగుతుంది. అప్పుడు వస్తాయి నాలుగే నాలుగు గిటార్ స్వరాలు. ఏదో అడిగి, జవాబు కోసం ఆగినట్టుంటాయి. సాధన చేస్తుండగా గిల్మర్ వేళ్లకి అనుకోకుండా తగిలాయవి. అవి విన్న వాటర్స్‌కి సిడ్ గుర్తొచ్చాడు. పాట అక్కడ పుట్టింది. మొదటిసారి విన్నప్పుడు 'బాగున్నాయే' అనుకుని వదిలేస్తాం. కథ తెలిశాక అవే స్వరాలు ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినిపిస్తాయి.

ఎవరా గుండు మనిషి?

1975 జూన్. ఆ పాటకే మెరుగులు దిద్దుతున్నారు. ఎప్పుడొచ్చాడో ఏమో, లావుపాటి మనిషి ఒకడు స్టూడియోలో తచ్చాడుతున్నాడు. గుండు. కనుబొమ్మలు కూడా గీసేసి ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి. స్టూడియో వాళ్ల తాలూకు అనుకున్నారు. చాలాసేపటికిగానీ తెలియలేదు... అతను సిడ్ బారెట్!

ఏడేళ్ల కింద తాము వదిలేసినవాడు, తాము ఎవరి కోసం పాట కడుతున్నారో ఆ మనిషి ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేకపోయారు. విషయం తెలిశాక వాటర్స్ కన్నీళ్లు పెట్టుకున్నాడని రైట్ తర్వాతెప్పుడో చెప్పాడు.

నాకు ఈ ఆల్బమ్ అసలు కిటుకు ఇక్కడే ఉందనిపిస్తుంది. ఎదురుగా ఉన్నదాన్ని వాళ్లు గుర్తుపట్టలేకపోయారు. మొదటిసారి వింటున్న మనమూ అంతే. ఇందులో విలువైనవన్నీ చెవికి అందీ అందనంత లోతులో ఉన్నాయి. పదే పదే వినడమంటే వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టడమే.

రేడియో పక్కన గిటార్

రెండో ట్రాకు 'వెల్‌కమ్ టు ది మెషిన్'. గుండెకి బదులు మోటారు కొట్టుకుంటున్నట్టుంటుంది దీని లయ. చివర్లో ఏదో యంత్రం కదిలి ఆగుతుంది. విందులో జనం కబుర్లు, నవ్వులు వినిపిస్తాయి. మూడోది 'హ్యావ్ ఎ సిగార్'. ఉన్నవాటిలో హుషారైన పాట. రికార్డు కంపెనీ పెద్దమనిషి ఒకాయన కుర్రాళ్లని పొగడ్తలతో ముంచెత్తుతూనే, ఇంతకీ మీలో పింక్ ఎవరని అడిగేస్తాడు! ఈ పాటకి గొంతు కూడా బయటివాడిదే. అబ్బే రోడ్‌లోనే తన రికార్డింగు చేసుకుంటున్న జానపద గాయకుడు రాయ్ హార్పర్‌తో పాడించారు.

ఆ పాట చివర్లో ఓ గమ్మత్తుంది. హోరున వస్తున్న సంగీతం ఒక్కసారిగా చిన్న రేడియోలోకి దూరిపోయినట్టు సన్నబడుతుంది. ఎవరో స్టేషన్లు మారుస్తారు. మాటలు, గరగర, కాసేపు చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ... ఇదంతా గిల్మర్ కారు రేడియోలోంచి పట్టుకున్నదే. ఆ వెనకే రేడియోలో వస్తున్నట్టుగా ఓ గిటార్. కాసేపటికి రేడియో పక్కన కూర్చున్నవాడెవడో తన గిటార్ తీసి దానితో జత కలుపుతాడు. చెవులు రిక్కిస్తే అతను దగ్గడం కూడా వినిపిస్తుంది. రికార్డింగులో లోపమేమో అనుకుంటాం మొదట్లో. తర్వాత తడుతుంది... ఒకడు రేడియోలో, ఒకడు గదిలో. పాట ఒకటే గానీ ఇద్దరూ ఒకచోట లేరు! టైటిల్ పాట 'విష్ యు వర్ హియర్' ఇలా మొదలవుతుంది. ఇంట్లో గిటార్ నేర్చుకునే పిల్లలుంటే ఈ మొదటి బాణీ మీ చెవిన పడే ఉంటుంది.

పాట అయిపోతుండగా గాలి వీస్తుంది. ఆ గాలి చాటున వినపడీ వినపడని వయొలిన్ ఒకటి. వాయించింది సామాన్యుడు కాదు, జాజ్ వయొలిన్ దిగ్గజం స్టెఫాన్ గ్రాపెలి. ఆయన అప్పుడు అబ్బే రోడ్‌లోనే యెహుదీ మెనూహిన్‌తో కలిసి పనిచేస్తున్నాడు. మన రవిశంకర్‌తో కలిసి వాయించిన మెనూహినే. అంతటివాడి చేత వాయించి, చివరికి దాదాపు వినిపించనంతగా తగ్గించేశారు. వయొలిన్ పూర్తిగా వినిపించే రూపం 2011లో గానీ బయటికి రాలేదు.

అట్ట మీదా ఇదే తంతు. సూట్లు వేసుకున్న ఇద్దరు కరచాలనం చేసుకుంటుంటారు. అందులో ఒకరు నిలువునా మండిపోతుంటారు. స్టంట్‌మన్‌కి నిజంగా నిప్పంటించి తీసిన ఫొటో అది. అంత కష్టపడి తీసిన బొమ్మ కొనేవాళ్లకి కనిపించకుండా, రికార్డుని ముదురు రంగు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్మారు!

అప్పుడే లేవకండి

గాలిలోంచి మళ్లీ 'షైన్ ఆన్' మిగతా భాగాలు మొదలవుతాయి. చివరిదైన తొమ్మిదో భాగం రైట్ ఒక్కడే కట్టాడు. అంతిమయాత్రలో అడుగుల్లా బరువుగా సాగి, మెల్లగా వినపడకుండా పోతుంది. అయిపోయింది కదా అని లేవకండి. శబ్దం కాస్త పెంచండి. పూర్తిగా మాయమయ్యే ముందు రైట్ వేళ్ల కింద ఓ చిన్న బాణీ ముక్క పలుకుతుంది. అదే 'సీ ఎమిలీ ప్లే'! 1967 నాటి సిడ్ పాట. 44 నిమిషాల పాటు ఎవరిని తలుచుకున్నారో అతను ఆఖరి క్షణాల్లో వచ్చాడు. స్టూడియోకి వచ్చినట్టే, చప్పుడు చెయ్యకుండా. ఏళ్ల తరబడి విన్నా దీన్ని పట్టుకోలేనివాళ్లున్నారు. పట్టుకున్న రోజు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

విడుదలైన కొత్తలో కొందరు విమర్శకులు పెదవి విరిచారు. జనం మాత్రం బ్రిటన్‌లో, అమెరికాలో దీన్ని అగ్రస్థానంలో కూర్చోబెట్టారు. తమ ఆల్బమ్‌లన్నిటిలోనూ ఇదే ఇష్టమని గిల్మర్, రైట్ ఇద్దరూ చెప్పారు. సిడ్ ఆ తర్వాత కేంబ్రిడ్జిలో బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ లోకానికి దూరంగా బతికాడు. 2006 జులైలో అరవయ్యో ఏట కన్నుమూశాడు. ఆ చివరి బాణీ వాయించిన రైట్ 2008లో వెళ్లిపోయాడు.

వినే పద్ధతి కూడా చెప్పుకోవాలి. ఫోన్‌లో వింటుంటే షఫుల్ తీసేయండి. ఇందులోంచి ఒక పాట ఏరుకుని వింటే సీరియల్ మధ్యలో ఒక ఎపిసోడ్ చూసినట్టుంటుంది. వరసగా, మొదటినుంచి వినాలి. మొదటిసారి స్పీకర్లో పెట్టి ఏ పనైనా చేసుకోండి, ఫర్వాలేదు. రెండోసారికి పని పక్కన పెట్టండి. మూడోసారి రాత్రిపూట ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. దగ్గు, గాలి, వయొలిన్, ఎమిలీ అప్పుడు దొరుకుతాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని వింటే మాత్రం ఒక చిక్కుంది. ఆరేడు నిమిషాలయ్యేసరికి ఎవరో ఒకరు 'ఇంకా పాట మొదలవలేదా?' అని అడగడం ఖాయం. వస్తుంది, ఉండమనండి!