పేరు పెట్టి పిలిస్తే పలకని మీటలు

ఒక మాట సూటిగా అని ఈ టపా మొదలుపెడతాను. వెబ్ పుటలు నిర్మించే మన ఇంజనీర్లు తమ పనికి తాము పెట్టుకొనే పరీక్షలలో, నేను చూసినంతవరకు, చాలా భాగం పరీక్షలే కావు. ప్రశ్న తామే వేసి, జవాబు తామే వ్రాసి, నూటికి నూరు మార్కులు తామే వేసుకొనే తంతు అది. ఆ పుటను వాడవలసిన మనిషి ఆ తంతులో ఎక్కడా కానరాడు.

తెలుగు చెప్పుకొని బ్రతికిన పంతులుకు ఈ సంగతులెందుకని మిత్రులు కొందరికి అనిపించవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రశ్నపత్రాలు కూర్చినవానికి పరీక్ష అంటే ఏమిటో కొంత తెలుసును. నా పూర్వవిద్యార్థులలో ఈ వృత్తిలో స్థిరపడినవారు తమ పుటలలోని తెలుగు పదాలు సరిచూడమని పంపుతుంటారు. పదాలతో పాటు ఆ పరీక్షలను కూడా చదవడం నాకు అలవాటైంది. అర్థం కానిచోట అడిగితే విసుక్కోకుండా విడమరచి చెప్పారు. వారి మీద నా అభిమానానికి లోటు లేదు; వారి పద్ధతి మీదనే నా అభ్యంతరం.

ఈ రంగంతో పరిచయం లేని బ్లాగ్మిత్రుల కోసం నాలుగు మాటలు. ఒక దరఖాస్తు పుట ఉన్నదనుకుందాం. పేరు వ్రాయడానికొక గడి, జిల్లా ఎంచుకోవడానికొక జాబితా, చివర ‘సమర్పించు’ అనే మీట. ఈ పుట సరిగా పనిచేస్తున్నదా లేదా అని చూడడానికి ఇంజనీర్లు మరొక చిన్న ప్రోగ్రాము వ్రాస్తారు. అది గడులు నింపి, మీట నొక్కి, ‘మీ దరఖాస్తు అందినది’ అన్న మాట తెర మీదకు వచ్చిందో లేదో చూస్తుంది. కోడు మార్చిన ప్రతిసారీ ఆ పరీక్ష తనంతట తాను నడుస్తుంది. ఇది మంచి ఆచారమే. పేచీ అంతా ఆ పరీక్ష మీటను ఎలా వెదుకుతుందన్న చోటనే వస్తుంది.

వెదకడానికి రెండు దారులున్నవి. ఒకటి, ఇంజనీరుకు మాత్రమే తెలిసిన గుర్తును పట్టుకొని వెదకడం: ‘ఫలానా క్లాసు గల పెట్టెలోని నాలుగవ డివ్’ అనో, పరీక్ష కోసమే అంటించిన ‘టెస్ట్ ఐడీ’ చీటీ అనో. రెండవది, ‘సమర్పించు అనే పేరుగల మీట’ అని వెదకడం. మనిషి వెదికేది ఈ రెండవ దారినే. చూపున్నవాడు మీట మీది అక్షరాలు చదువుతాడు. చూపు లేనివాడు స్క్రీన్ రీడర్ నోట ‘సమర్పించు, బటన్’ అని వింటాడు. క్లాసు పేరు, టెస్ట్ ఐడీ ఈ ఇద్దరికీ కానరావు. ఊళ్ళో ఎవరి ఇంటికైనా పోవాలంటే మనిషి పేరు చెప్పి దారి అడుగుతాం గాని సర్వే నంబరు చెప్పి అడగము కదా!

మొదటి దారిన పోయే పరీక్ష చేసే హాని ఏమిటో చూడండి. హెచ్‌టీఎంఎల్‌లో బటన్ అనే మూలకం ఉన్నది. దానిని వాడితే కీబోర్డు మీది ట్యాబ్ కీతో దానిని చేరవచ్చు, ఎంటరుతో గాని స్పేసుతో గాని నొక్కవచ్చు; అది మీట అని స్క్రీన్ రీడరుకు తెలుస్తుంది. ఇవన్నీ అడగకుండానే వచ్చే గుణాలు. దానిని కాదని, డివ్ అనే ఉత్త పెట్టెకు రంగు పూసి, అంచులు గుండ్రంగా చెక్కి, మౌసు నొక్కితే పనిచేసేట్టు చేస్తారు కొందరు. కంటికి అచ్చం మీటే. ట్యాబ్ కీకి మాత్రం అది లేనట్లే. స్క్రీన్ రీడరుకు అది మీట కాదు, ఏదో మాట. టెస్ట్ ఐడీతో వెదికే పరీక్ష ఆ డివ్‌ను పట్టుకొని, క్లిక్ అనే సంఘటనను నేరుగా దాని నెత్తిన వేసి, ‘ఉత్తీర్ణం’ అని పచ్చ గీత గీస్తుంది. అదే పరీక్ష ‘సమర్పించు అనే మీట ఏదీ?’ అని అడిగివుంటే, అటువంటి మీట లేదని అక్కడే ఆగిపోయేది. ఆ ఆగిపోవడమే మనకు కావలసినది.

ఇది మనకు తెలియని వ్యాధి కాదు. 2005, 2006 నాటి వాదోపవాదాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకు తెలుగు ఆకారాలు తొడిగిన ఫాంటులతో ఆనాడు పత్రికలు నడిచేవి. ఆ ఫాంటు ఉన్నవానికి తెలుగు, లేనివానికి గజిబిజి. వెదుకులాటకు దొరకదు, మరొకచోట అతికిస్తే నిలవదు. అక్షరంలా కనపడితే చాలదు, అక్షరమై ఉండాలని మనమంతా గొంతు చించుకున్నాం. యూనికోడ్ పక్షాన ఆనాడు నిలిచినవారే ఈనాడు రంగు పూసిన డివ్‌ను మీట అంటూంటే నాకు వింతగా ఉన్నది. మీటలా కనపడితే చాలదు, మీటయై ఉండాలి.

సాధనాలు లేవందామా అంటే అదీ కాదు. 2018లో కెంట్ సి. డాడ్స్ మొదలుపెట్టిన టెస్టింగ్ లైబ్రరీ పరీక్షలు వ్రాసేవారికి ఒక వరుస చెప్పింది. మొదట పాత్రను, పేరును బట్టి వెదకు. ఫారము గడి అయితే దాని పక్కనున్న శీర్షికను బట్టి వెదకు. ఆపైన కనపడే పాఠాన్ని బట్టి. ఏ దారీ లేనప్పుడే టెస్ట్ ఐడీ. మైక్రోసాఫ్ట్ వారి ప్లేరైట్ కూడా పాత్రను, పేరును బట్టే వెదకమంటుంది. వెబ్ అందుబాటు మార్గదర్శకాలలో 4.1.2 అనే నియమం కోరేదీ ఇదే: ప్రతి భాగానికి పేరు, పాత్ర, విలువ యంత్రానికి తెలిసేట్టుగా ఉండాలి. ఈ వరుసలో కడపటిదానిని మొదటిదిగా వాడడమే మనవారు చేస్తున్న పని.

ఇక పూర్వపక్షాలు. నా శిష్యుల నుండి విన్నవే ఇవి.

‘పేరు మారితే పరీక్ష విరిగిపోతుంది’ అన్నది మొదటిది. విరగనీయండి. ‘సమర్పించు’ కాస్తా ‘పంపు’ అయినప్పుడు, లేక తెలుగు పుటలో హఠాత్తుగా ‘సబ్మిట్’ అని ప్రత్యక్షమైనప్పుడు, దాన్ని వాడే మనిషికి తేడా తెలుస్తుంది. మనిషికి తెలిసే తేడా పరీక్షకు తెలియకపోతే ఆ పరీక్ష ఎందుకు?

‘ఒకే పేరుతో పది లంకెలుంటే ఏది పట్టుకోవాలి?’ అన్నది రెండవది. ‘మరింత చదవండి’, ‘మరింత చదవండి’ అని పుట నిండా ఉంటాయి. పేరుతో వెదికితే ఒకటి కాదు, పది ఉన్నవని పరీక్ష మొరపెడుతుంది. అప్పుడు మనవారు చేసేదేమిటి? ‘మూడవదాన్ని తీసుకో’ అని వ్రాసి చేతులు దులుపుకుంటారు. అయ్యా, లంకెలను మాత్రమే వరుసగా వినే అంధ పాఠకుడికి ఆ పదింటిలో ఏది ఏ వ్యాసానిదో ఎవరు చెబుతారు? పరీక్ష చేసిన ఫిర్యాదు అతడి ఫిర్యాదే. దాని నోరు నొక్కడం కాదు, లంకె పేరులో వ్యాసం పేరు చేర్చడం దానికి జవాబు.

‘తెలుగు అక్షరాలతో పోల్చితే సరిపోలవు’ అన్నది మూడవది. ఇందులో కొంత నిజమున్నది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో టకారపు పొల్లు నిలవడానికి కంటికి కనపడని సంకేతమొకటి ఉంటుంది. పుటలో అది ఉండి పరీక్షలో లేకపోతే రెండూ వేరు మాటలు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ వ్రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. యూనికోడ్ దృష్టిలో రెండూ సమానమే అయినా, బైటును బైటుతో పోల్చే ప్రోగ్రాముకు కావు. ఇది తెలుగు చేసిన నేరమా? పోల్చేముందు రెండింటినీ ఒకే రూపానికి తెచ్చే పద్ధతి యూనికోడ్‌లోనే ఉన్నది. పైగా, పరీక్షలో తేలిన ఈ చిక్కే పుటలోని వెదుకులాట గడిలోనూ ఉంటుంది. ముందుగా తెలిసినందుకు సంతోషించాలి.

నాలుగవది అన్నిటిలోకి కటువైనది. ‘మా సైటుకు వచ్చే అంధులు ఎందరండీ?’ అంటారు. గుమ్మం దాటలేనివాడు హాజరుపట్టీలో ఎలా ఎక్కుతాడు నాయనా? నాతో పాటు పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరు నీటికాసుల వ్యాధితో చూపు పోగొట్టుకున్నారు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడరుతో కంప్యూటరు వాడడం ఆ వయసులో నేర్చుకున్నారు. పింఛనుకు సంబంధించిన ఒక పుటలో వారికి వినిపించినది ‘బటన్, బటన్, బటన్’ అని మాత్రమే. మూడు మీటలు, ఒక్కదానికీ పేరు లేదు, బొమ్మలున్నవట. ఏది నొక్కితే దరఖాస్తు పోతుందో, ఏది నొక్కితే చెరిగిపోతుందో తెలియక పక్కింటి కుర్రవాణ్ణి పిలిచి, తన ఖాతా వివరాలన్నీ అతడికి చెప్పవలసి వచ్చింది. ఆ మూడు మీటలను పేరు పెట్టి పిలిచిన పరీక్ష ఒక్కటి ఉన్నా ఆ పుట ఆ రూపంలో బయటకు వచ్చేది కాదు.

ఇది దయాధర్మాల ముచ్చట కూడా కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. ఆ కేసుకు మూలమేమిటి? బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కన్ను ఆర్పి చూపమంటారు. ఆమ్లదాడిలో కళ్ళు, ముఖం దెబ్బతిన్నవారు ఆర్పలేరు. మనిషి బ్రతికే ఉన్నాడని నిరూపించే ఆ ఒక్క మెట్టును కూర్చినవారు తమలాంటి కళ్ళనే ఊహించుకున్నారు. మన పరీక్షల తప్పు కూడా సరిగ్గా ఇదే.

స్నాప్‌షాట్ పరీక్షల గురించి ఒక్క మాట. పుట హెచ్‌టీఎంఎల్‌ను యథాతథంగా దాచుకొని, మరునాడు దానితో పోల్చి చూస్తారు. తేడా వస్తే చాలాచోట్ల జరిగేది ఒకటే: కొత్తదాన్నే సరియైనదిగా దాచేస్తారు. మా బడిలో దీనిని చూచివ్రాత అనేవాళ్ళం. దస్తూరీకి మంచిదే; పాఠం అర్థమైందో లేదో దానివల్ల తెలియదు.

పాత్ర, పేరు అడిగినంత మాత్రాన సర్వం సిద్ధించిందనీ అనను. డివ్‌కు ‘నేను మీటను’ అని పాత్ర చీటీ అంటిస్తే ఆ ప్రశ్నకూ అది పలుకుతుంది. ఎంటరు కీకి మాత్రం పలకదు. కనుక పరీక్ష ట్యాబ్ కీతోనే అక్కడికి నడిచి, ఎంటరుతోనే నొక్కాలి. పుట భాష తెలుగని ప్రకటించి ఉన్నదో లేదో కూడా అడగాలి. తెలుగు పుటను ఇంగ్లీషని ప్రకటిస్తే స్క్రీన్ రీడరు ఇంగ్లీషు గొంతును పిలుస్తుంది. వెబ్‌ఎయిమ్ సంస్థ 2025లో పది లక్షల హోమ్‌పేజీలను యంత్రం చేత చూపిస్తే 94.8 శాతం పుటలలో అందుబాటు లోపాలు దొరికాయి. అవి యంత్రానికి దొరికినవి మాత్రమే. మిగిలినవి వాడే మనిషి పక్కన కూర్చుంటేనే తెలుస్తాయి. అయినా, పేరు లేని మీటను కనిపెట్టడానికి మా లెక్కల మాస్టారు రానవసరం లేదు. ఆ పని పరీక్ష చేయగలదు, చేయాలి.

మీలో ఇంజనీర్లయిన మిత్రులకు నా విన్నపం ఒకటే. రేపు వ్రాసే పరీక్షలో టెస్ట్ ఐడీ అంటించబోయేముందు ఆ మీటను ఒక్కసారి పేరు పెట్టి పిలిచి చూడండి. పలకకపోతే దిద్దవలసినది పుటను, పరీక్షను కాదు. తక్కినవారు మౌసు పక్కన పెట్టి, ట్యాబ్ కీతో మీ మీ బ్లాగులలోనే ఒక చుట్టు తిరిగి రండి. ఎక్కడ దారి తెగిందో రాసిపెట్టుకోండి. నా వాదంలో పొరపాటున్నదని తోచినవారు నిర్మొహమాటంగా చెప్పండి, జవాబిస్తాను. ‘మా సైటుకు అంధులు రారు’ అనేవారు మాత్రం, రాబోయి తిరిగిపోయినవారిని ఎలా లెక్కపెట్టారో ముందు చెప్పగలరు.