పంటకు పన్ను లేదు, సంచికి ఉంది

నిరుడు వానాకాలం సన్నవడ్లలో ముప్పై బస్తాలు కొనుగోలు కేంద్రానికి తోలకుండా గిర్నీలో పట్టించాను. అయిదు కిలోల సంచుల్లో నింపి, మా ఊరి పేరు అచ్చేయించి, ఆన్‌లైన్ కంపెనీ ద్వారా హైదరాబాద్‌లో అమ్ముదామన్నాడు మా చిన్నోడు. ఆ కంపెనీ ముందుగా అడిగింది జీఎస్టీ నంబరు. పట్నంలో లెక్కలు రాసే ఒకాయన నంబరు తీసిచ్చి, తన ఫీజు తీసుకున్నాడు. రెండు నెలల్లో బియ్యం అయిపోయినయి. అమ్మకం లేకున్నా నెలనెలా రిటర్ను వేయాలని మాకు ఎవరూ చెప్పలేదు. వేయకుంటే రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుము, ఒక్కో రిటర్నుకు 500 దాకా. ఎనిమిది నెలలకు 4,000 రూపాయలైంది.

తీరా చూస్తే నాకు ఆ నంబరు అవసరమే లేదు.

జీఎస్టీ చట్టం 23వ సెక్షన్ ప్రకారం సొంతంగానో, కూలీలను పెట్టి దగ్గరుండి చేయించో సాగు చేసే రైతు తన పంట అమ్ముకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వడ్లు, మక్కలు, వర్గల్, ములుగు మండలాల నుంచి పోయే కూరగాయలు, వీటితో ఏ పేచీ లేదు. పేచీ సంచి దగ్గర మొదలవుతుంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకన్నా తక్కువ తూకంలో ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం పన్ను పడుతోంది. షావుకార్లు మరునాడే 26 కిలోల సంచులు దించారు. మనం అయిదు కిలోలు అమ్మితేనే కొనేటోడు దొరుకుతాడు, ఏం చేస్తాం?

ఆన్‌లైన్ కంపెనీ ద్వారా అమ్మేవాళ్లు ఎంత చిన్నవాళ్లైనా రిజిస్ట్రేషన్ తీసుకోవాలని మొదట్లో ఉండేది. 2023 అక్టోబర్ 1 నుంచి అది సడలించారు. ఏడాది అమ్మకం పరిమితి లోపు ఉండి, సరుకు సొంత రాష్ట్రం దాటకపోతే, పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. నంబరు వచ్చాకే అమ్మాలి. అలాంటివాళ్ల పైసల్లోంచి కంపెనీ టీసీఎస్ పట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకైతే అర శాతం పట్టుకుంటారు. ఈ దారి సంగతి నాకు కంపెనీ చెప్పలేదు, లెక్కలాయన చెప్పలేదు. చెబితే ఆయన ఫీజు పోతుంది కదా!

రాష్ట్రం దాటితే కథ వేరు. పన్ను ఉన్న సరుకును బెంగళూరుకో పుణెకో అమ్మితే, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకొని పంపినా సరే, పదివేల అమ్మకానికైనా రిజిస్ట్రేషన్ కావాలి. తొక్కులు, కారంపొడి అమ్మే మన మహిళా సంఘాలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్‌పీఓలు మరీ జాగ్రత్తగా ఉండాలి. చట్టం దృష్టిలో రైతు అంటే మనిషి, లేదంటే హిందూ ఉమ్మడి కుటుంబం. సభ్యులందరూ రైతులే అయినా ఎఫ్‌పీఓ కంపెనీకి రైతు మినహాయింపు రాదు.

మన సంఘం గట్టిగా అడగాల్సినవి రెండున్నాయి. సరుకులు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితిని 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలకు పెంచుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. ఎందుకు ఆగిందో మన ఎమ్మెల్యేలను అడుగుదాం. రెండోది, రైతు అమ్మే ఎండు మిరియాలకు, ఎండు ద్రాక్షకు జీఎస్టీ లేదని 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టం చేసింది. మన ఎండుమిర్చికి, పసుపుకు కూడా అదే మాట కాగితం మీద రావాలి. పురుగుమందు డబ్బా మీద 18 శాతం కడుతున్నాం, అందులో పైసా వెనక్కి రాదు. ఈ మాత్రం అడగడానికి మొహమాటమెందుకు?

ఎవరైనా నా లెక్కనే నంబరు తీసుకొని అమ్మకం ఆపేసి ఉంటే, ఊరుకోకండి. పాత రిటర్నులు వేసి, రద్దుకు దరఖాస్తు పెట్టండి. రద్దయ్యాక మూడు నెలల్లో చివరి రిటర్ను ఒకటి వేరేగా వేయాలి. నాది పోయిన నెలలో రద్దయింది, ఆ చివరిది ఇంకా వేయాల్సి ఉంది.