తీపి గుమ్మడిపై నింద, తెల్లన్నానికి అభయం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మధుమేహం విషయంలో మనవారు గుమ్మడికాయనే దొంగగా నిలబెట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఎవరికైనా చక్కెర వ్యాధి ఉన్నదని తెలియగానే, "తీపి గుమ్మడి ముట్టవద్దు" అని హెచ్చరించే బంధువులకు కొదువలేదు. ఆ హెచ్చరిక చేసిన చేతితోనే విస్తరిలో మూడవసారి అన్నం వడ్డిస్తారు. ఇది కృష్ణా డెల్టా, వరిసీమ; అన్నాన్ని అనుమానించడానికి మనకు మనసొప్పదు.

లెక్క చూడండి. 100 గ్రాముల తీపి గుమ్మడిలో పిండిపదార్థం సుమారు 6 నుండి 7 గ్రాములు. 100 గ్రాముల తెల్లన్నంలో సుమారు 28 గ్రాములు. అనగా నాలుగు రెట్లు. ఇందులో దోషి ఎవరు?

"గుమ్మడికి గ్లైసీమిక్ ఇండెక్స్ ఎక్కువ కదా!" అని చదువుకున్నవారు వాదిస్తారు. నిజమే. కాని ఆ సూచికను సాధారణంగా 50 గ్రాముల పిండిపదార్థం లభించేంత ఆహారం తినిపించి లెక్కకడతారు. గుమ్మడి నుండి అంత రావాలంటే ఒక్క పూటలో ముప్పావు కిలో తినాలి. కూరగా ఎవరు తింటారంత?

ఈ నింద వలన నష్టపోయేది రోగియే. గుమ్మడిలోని పసుపు వర్ణానికి మూలమైన బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ ఏగా మార్చుకుంటుంది; కూరలో కొద్దిపాటి నూనె ఉంటే అది బాగా ఒంటబడుతుంది. నగరాల దుకాణాలలో బటర్‌నట్ స్క్వాష్ పేరుతో హెచ్చు ధరకు అమ్మేదీ, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క చందన్ గుమ్మడీ ఒకే జాతికి చెందినవి. పైగా ముదిరిన కాయను తొడిమతో కోసి, గాయపడకుండా గాలి ఆడే పొడిచోట ఉంచితే రెండు మూడు నెలలు నిలువ ఉంటుంది. కూరగాయల ధరలు మండే రోజులలో పేదవానికి ఇంతకన్న ఆదరువేది?

దప్పళంలో వేసే బెల్లపు గడ్డ, హల్వాలో పోసే చక్కెర గుమ్మడి చేసిన నేరాలు కావు. వాటిని మానండి, కాయను మానవద్దు.

మూత్రపిండాల వ్యాధి వలన పొటాషియం తగ్గించుకోవలసినవారు మాత్రం ఎంత తినవచ్చునో తమ వైద్యుని అడగాలి. మిగిలిన మధుమేహ రోగులారా, మందులు మానకుండా, విస్తరిలో ఒక గరిటె అన్నం తగ్గించి, ఆ చోట గుమ్మడి కూర వడ్డించుకొనండి. దొంగను విడిచి కాయను శిక్షించడం ఇకనైనా చాలిద్దాం.