వంటింటి సొరుగుల చానెళ్ళు: ఎచ్చట వ్యయము, ఎచ్చట పొదుపు

క్రొత్తగా ఇల్లు కట్టించు మన కుటుంబములును, పాత యిల్లు బాగుచేయించువారును వంటింటి మీద చేయుచున్న వ్యయము చూడగా ఒక విషయము విచారింపదగినదిగా నున్నది. పైకి కనబడు పలకకు, రంగునకు, పిడికి ధారాళముగ ధనము పోయుచున్నారు. దినమునకు ఇరువది ముప్పది మారులు లాగి మూయవలసిన సొరుగును మోయు చానెలు జతను మాత్రము వడ్రంగి యేది తెచ్చిన నదియే యని విడిచిపెట్టుచున్నారు. ఇది తలక్రిందులైన లెక్క. వంటింటిలో పొదుపు చేయదగిన తావులు పెక్కు గలవు. చానెలునకు పట్టు ఉక్కు వానిలో చేరదు. అట్లని ఖరీదైన చానెలే కొనవలెనని నేను చెప్పబోవుట లేదు. సామాన్య కుటుంబమునకు సామాన్యమైన బాల్ బేరింగు చానెలు చాలును. దానిని ఎంచి కొనుటలోనే పని యున్నది.

ఈ వ్రాయువాడు హోసూరులో ఇనుపసామానుల అంగడి నడుపువాడు. కావున ఈ మాటలలో వ్యాపారి స్వార్థ మెంత యని పాఠకులు తూచుకొనవచ్చును, తూచుకొనుటయే మంచిది. ఖరీదు సామాను అమ్మిన నాకు లాభ మెక్కువ. నేను వ్రాయునది మాత్రము తక్కువ ధరలో దొరకు మంచి సామానును గూర్చి.

మన పెద్దల యిండ్లలో సొరుగునకు చానెలే లేదు. వడ్రంగి టేకు బద్దల మీద సొరుగును నడిపి, అడుగున కొంచెము మైనము రాచెడివాడు. వానకాలమున కొయ్య ఉబ్బి బిగిసినను, ఎండకాలమునకు మరల సరిపోయెడిది. అట్టి బల్లలు రెండు తరముల తరువాత కూడ పని చేయుచుండుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. కాని ఆ సొరుగులలో నుండినది చిల్లర డబ్బు, దస్తావేజులు, తాళపుచెవులు. నేటి వంటింటి సొరుగులో నుండునది ఉక్కు పళ్ళెముల దొంతర, కుక్కరులు, ఇత్తడి గిన్నెలు, కొన్ని యిండ్లలో పాతిక కిలోల బియ్యము. మైనము రాచిన బద్ద యీ భారమును మోయజాలదు. చెంచాలుంచు చిన్న సొరుగునకు అది నేటికిని చాలునని నా అభిప్రాయము. కాని ఆ పనితనము గల వడ్రంగి దొరకుట కష్టమైనది.

అంగడిలో నేడు దొరకునవి ముఖ్యముగా నాలుగు విధములు. తెల్లని పూతతో, ఇరుప్రక్కల నైలాను చక్రములతో నుండునది రోలరు చానెలు. ఇది అన్నిటికంటె చౌక. సొరుగు మూడు పాళ్ళు మాత్రమే బయటికి వచ్చును. వెనుకనున్న పావు భాగములో వస్తువు తీయుటకు చేయి దూర్చి తడవవలెను. రెండవది మూడు ఉక్కు పట్టీలు ఒకదానిలో నొకటి జారునట్లు, నడుమ ఉక్కు గుండ్లు దొర్లునట్లు చేసిన టెలిస్కోపిక్ చానెలు. బాల్ బేరింగు చానెలని పిలుచునదియు నిదియే. సొరుగు పూర్తిగా బయటికి వచ్చును. మూడవది దానికే చివర చిన్న డాంపరు అమర్చిన సాఫ్ట్ క్లోజు. నాలుగవది సొరుగు అడుగున కనబడకుండ నుండునదియు, ప్రక్కపలకలు కూడ ఉక్కుతో చేసిన టాండెము పెట్టెయు. ధరల మాట స్థూలముగా చెప్పవలెనన్న, 20 అంగుళముల మామూలు బాల్ బేరింగు జత కొన్ని వందల రూపాయలలో దొరకును. సాఫ్ట్ క్లోజు ఇంచుమించు రెట్టింపు. టాండెము వేలలోకి పోవును. తమిళ అంగడిలో నడిగినను, కన్నడ అంగడిలో నడిగినను, రాజస్థానమునుండి వచ్చిన వడ్రంగి నడిగినను దీని పేరు చానెలే. ఈ యొక్క వస్తువు విషయమున మనకు భాషాసమస్య లేదు.

సాఫ్ట్ క్లోజు మీద మన వారికి మోజు హెచ్చుగా నున్నది. తలుపు చప్పుడు కాకుండ మూసికొనుట చూచుటకు ముచ్చటయే. కాని ఆ డాంపరు సొరుగు బరువును మోయదు. అది చప్పుడు తగ్గించు సాధనము మాత్రమే. పలుచని ఉక్కు మీద డాంపరు బిగించి అమ్మిన జత కంటె డాంపరు లేని మందపు జత నూరుపాళ్ళు మేలు. డాంపరు చెడినచో చాలా రకములలో జతనంతయు మార్చవలసి వచ్చును. చంటిబిడ్డలు వ్రేళ్ళు నలుగగొట్టుకొందురను భయమున్న యింట ఒకటి రెండు క్రింది సొరుగులకు వేయించుకొనుట న్యాయమే. పదునాలుగు సొరుగులకును వేయించుట ఆడంబరము.

ఇక చానెలు ఎంతకాలము నిలుచు నను ప్రశ్న. పేరుగల కంపెనీలు అట్టపెట్టె మీద 50,000 మారులు తీసి మూయవచ్చునని అచ్చు వేయుట కలదు. ఈ సంఖ్య చూచి చాలామంది సంతోషించి ఊరకుందురు. లెక్క వేసి చూడుడు. పొయ్యి ప్రక్కనున్న పోపుల సొరుగును దినమునకు ఇరువది మారులు తీసినచో ఏడాదికి 7,300. అనగా ఏడేండ్లు నిండకముందే ఆ సంఖ్య పూర్తియగును. పండుగ గిన్నెలుంచు సొరుగును దినమునకు ఒకమారైన తీయరు; దాని చానెలు మన మనుమల కాలము వరకు నుండవచ్చును. ఈ రెండింటికి ఒకే రకము చానెలు ఏల కొనవలెను? వంటిల్లంతటికి ఒకటే రకమనుట వడ్రంగికి సౌకర్యము, ఇంటి యజమానికి నష్టము. బరువు మోయు సొరుగులు ఏవి, పలుమారు తీయు సొరుగులు ఏవి యని వేరుచేసి, వానికి మంచి జతలు కొని, తక్కిన వానికి చౌక జతలు కొనినచో మొత్తము వ్యయము పెరుగదు.

ఈ విభజన చేయగలవారు ఇంటి స్త్రీలు మాత్రమే. కంట్రాక్టరు వచ్చినపుడు రంగు ఏది కావలెనని వారి నడుగుదురు గాని, ఏ సొరుగులో ఏమి పెట్టుదురని అడుగరు. పురుషులు ధర మాటలాడి సంతకము చేయుదురు. నా యెరుకలో ఒక యింట కుక్కరుల సొరుగునకు రోలరు చానెలు వేసిరి. ఎనిమిది మాసములకు అది పట్టు విడిచి నిండు సొరుగు ఒక వృద్ధురాలి పాదము మీద పడినది. ఆమె రెండు నెలలు మంచము దిగలేదు. ఆ జతకును మంచి జతకును గల తేడా మూడు వందల రూపాయలకు మించి యుండదు.

భారమును గూర్చి మరియొక మాట. 35 కిలోలని, 45 కిలోలని పెట్టె మీద వ్రాసి యుండును. అది సామాను సమముగా సర్దిన సొరుగునకు చెప్పిన లెక్క. సొరుగు చెక్క బరువు కూడ అందులోనిదే. ప్లైవుడ్డుతో చేసిన పెద్ద సొరుగు తానే అయిదారు కిలోలుండును. దానిలో 25 కిలోల బియ్యము పోసినచో 35 కిలోల చానెలునకు మిగులు స్వల్పమే. పైగా పిల్లలు తెరచిన సొరుగు మీద చేతులాన్చి వ్రేలాడుట అందరిండ్లలో నున్నదే. బియ్యమునకు డబ్బాయే మేలు. సొరుగే కావలెనన్న 45 కిలోల రకమే కొని, వెడల్పు తగ్గించి చేయించుడు.

కొలతలో జరుగు మోసమొకటి చెప్పవలెను. గ్రానైటు పలక సాధారణముగా 24 అంగుళముల లోతు వేయుదురు. దాని క్రింది అర లోతు 22 అంగుళముల వరకు వచ్చును. అందులో 20 అంగుళముల చానెలు సుఖముగా పట్టును. ధర తగ్గునని కొందరు 16 అంగుళములది వేసి, సొరుగును కూడ పొట్టిగా చేసి బిగింతురు. ముందునుండి చూచువారికి తెలియదు. ప్రతి సొరుగులో అయిదవ వంతు చోటు పోయినట్లే. డబ్బు చెల్లించుటకు ముందు సొరుగును బయటికి లాగి బద్దతో కొలుచుడు.

అంగడిలో పరీక్ష కష్టమైనది కాదు. ఒకే పొడవుగల రెండు రకముల జతలను త్రాసులో వేయుడు. ఎత్తు, పొడవు సమానమైనపుడు బరువెక్కువ దానిలో ఉక్కు ఎక్కువ. మందము కొలుచు కాలిపరు అంగడిలో నుండును, అడుగుటకు మొగమోటమి వలదు. మిల్లీమీటరునకు తక్కువ మందము గలదానిని బరువు సొరుగునకు నేను ఒప్పుకొనను. తరువాత చానెలును పూర్తిగా చాచి కొన పట్టుకొని ప్రక్కలకు కదిలింపుడు. కొంచెము కదలుట సహజము; వదులుగా ఊగినచో వలదు. మెల్లగా లాగి చెవిపెట్టి వినుడు. గరగరలాడినను, ఒకచోట తట్టుకొనినను గుండ్ల వరుస సరిగా లేదన్నమాట. పెట్టె మీద తయారుచేసిన లేక దిగుమతి చేసిన వారి పేరు, చిరునామా, నెల, సంవత్సరము, గరిష్ఠ ధర ఉండవలెనని 2011 నాటి తూనికలు కొలతల నియమములు చెప్పుచున్నవి. ఇవి లేని తెల్లపెట్టె సామానును చౌకయని తీసికొనిన, రేపు ఎవరి నడుగుదురు?

స్టెయిన్‌లెస్ అని చెప్పినపుడు అయస్కాంతము పెట్టి చూచి తృప్తిపడువారు గలరు. అయస్కాంతమునకు అంటుకొననంత మాత్రమున అది 304 రకము కాదు. తుప్పును తక్కువగా ఆపు 202 రకము కూడ సాధారణముగా అంటుకొనదు. బిల్లులో 304 అని వ్రాయించుకొనుటయే దారి. అందరికి స్టెయిన్‌లెస్ అక్కరలేదు. హోసూరు, బళ్ళారి వంటి లోనాటి పొడి ఊళ్ళలో జింకు పూత గల మామూలు ఉక్కు చాలును. చెన్నపట్నమున సముద్రమునకు దగ్గరనున్నవారు, యానామువారు, బరంపురము ప్రక్క గోపాలపురము తీరమువారు మాత్రము ఉప్పుగాలిని లెక్కలో నుంచుకొనవలెను. ఏ ఊరివారికైనను నీటితొట్టి క్రింది సొరుగు తడి తగులు చోటు; అచ్చట ఒక్క జతకు ఎక్కువ పెట్టుట తప్పు కాదు. షోలాపురమున మగ్గములున్న యిండ్లవారికి తుప్పుకంటె నూలు పొట్టు శత్రువు. అది గుండ్ల నడుమ చేరి చుట్టుకొనును.

మంచి చానెలు కూడ బిగింపు చెడినచో చెడును. సొరుగునకు ఇరుప్రక్కల అర అంగుళము చొప్పున చోటు విడువవలెను. అనగా అర లోపలి వెడల్పుకంటె సొరుగు సరిగా ఒక అంగుళము తక్కువగా నుండవలెను. బిగువైన గుండ్లు పట్టును, వదులైన పట్టీ జారును. స్క్రూను సుత్తితో కొట్టి దింపు అలవాటు కొందరు పనివారికి గలదు. నిలువబడి చూచి మాన్పింపుడు. చెక్క తేమకు ఉబ్బి పొడియైనచో స్క్రూ ఊడును, నింద చానెలు మీద పడును. కావున అరకు వాడు ప్లైవుడ్డు మీద ఐ.ఎస్. 710 గుర్తు చూచుకొనుడు. పిమ్మట ఇంటిలో చేయవలసినది స్వల్పము: నెలకొకసారి పొడిగుడ్డతో తుడుచుట. బిగిసినదని కొబ్బరినూనె పోయరాదు. పిండి, పసుపు, ధూళి ఆ నూనెలో కలిసి జిగురగును.

ఇప్పుడు అసలు చిక్కు. చదరపు అడుగు లెక్కన మొత్తము వంటింటికి ధర చెప్పు పద్ధతి మన ఊళ్ళలో వ్యాపించినది. ఆ కాగితములో "సాఫ్ట్ క్లోజు చానెలు" అని యుండును. ఎవరి తయారీ, ఎంత పొడవు, ఎంత భారము, ఎంత మందము అను మాటలుండవు. కంట్రాక్టరులందరు మోసగాండ్రని నే ననను. కాని వ్రాయని దానికి బాధ్యత లేదు. ఆ నాలుగు వివరములు వ్రాయించుడు. లేదా చానెళ్ళ సొమ్మును ఆ మొత్తమునుండి తగ్గించి, మేమే కొనితెత్తుమని చెప్పుడు. వారు మొదట సణుగుదురు, తరువాత ఒప్పుకొందురు. కృష్ణగిరి జిల్లా గ్రానైటునకు పేరుపడినది గనుక రాయి మనకు సులభముగా దొరకుచున్నది. అచ్చట మిగిలిన దానిలో కొంత యిచ్చటికి మరల్చినను సరిపోవును.

ఒక్కొక్క యింటివారు విడివిడిగా పది జతలు కొనిన చిల్లర ధర తప్పదు. బెంగుళూరు మైసూరు రోడ్డు టింబరు యార్డు అంగళ్ళలో పెట్టెల లెక్కన కొనిన ధర తగ్గును. మనకు అది నలువది కిలోమీటర్ల దూరమే. ఇల్లు కట్టుచున్న మన కుటుంబములు నాలుగైదు కలిసి ఒకే కంపెనీవి కొనుట మేలని సంఘమున ప్రతిపాదించుచున్నాను. నా అంగడికి ఇందువలన బేరము తగ్గినను తగ్గును. అట్లు కొనినపుడు ఇంటికొక జత అదనముగా తీసికొనుడు. అయిదారేండ్లకు ఆ రకము అంగడిలో దొరకకపోవచ్చును. దొరకినను స్క్రూ రంధ్రములు పాతవానితో కలియకపోవచ్చును. ఆ జతను కాగితములో చుట్టి, పొడవు, కొనిన సంవత్సరము పైన వ్రాసి అటక మీద నుంచుడు.