కషాయానికి ముందు కారణం తెలియాలి

స్త్రీకి మూత్ర సంబంధమైన బాధ అనగానే మన ఇండ్లలో బార్లీ నీళ్లు, ధనియాల కషాయం, పల్లేరు కషాయం సిద్ధమవుతాయి. బాధ ఏ జాతిదో తెలియకముందే ఔషధం నిర్ణయించే ఈ అలవాటును నేను సమర్థించలేను. ఎందుకంటే ఆ తప్పు వైద్యుడనై ఉండి నేనూ చేశాను.

గొల్లపల్లిలో మా చిన్నమ్మ ముప్పయి ఏండ్లు బీడీలు చుట్టింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఇది ఎందరో స్త్రీల బ్రతుకు. ఒడిలో చాట పెట్టుకొని కూర్చుంటే పని ముగిసేదాకా లేవరు. లేవవలసి వస్తుందని నీళ్లే త్రాగరు. ఆమెకు తెలియకుండానే చీర తడుస్తుండేది. “నీళ్లు తాగితెనే గదా బిడ్డా ఈ తిప్పలు” అనేది. కాన్పుల వలన కలిగిన బలహీనత అనుకొని పల్లేరు కషాయం త్రాగించాను. తడుపు ఇంకా హెచ్చింది.

ఆమెకు చాలా ఏండ్లుగా మధుమేహం ఉన్నది. స్కానింగు చేయించగా, మూత్రవిసర్జన తరువాత కూడా లోపల 400 మిల్లీలీటర్లు మిగిలి ఉన్నట్లు తేలింది. నిండిన కుండ పొర్లుతున్నది. నేను అందులోనే మరిన్ని నీళ్లు పోశాను!

అప్పుడు హైదరాబాదులో యూరోడైనమిక్ పరీక్ష చేయించాము. సన్నని గొట్టం ద్వారా మూత్రాశయాన్ని సెలైన్‌తో మెల్లగా నింపుతూ లోపలి ఒత్తిడిని కొలుస్తారు. పొట్ట ఒత్తిడిని వేరుచేయడానికి మలద్వారంలో మరొక గొట్టం ఉంచుతారు. నిండుతుండగానే కండరం ముడుచుకొంటున్నదా, విసర్జించేటపుడు దానికి బలమున్నదా అన్నది గీతలలో కనిపిస్తుంది. సిగ్గుపడవలసి వచ్చే పరీక్షే, కాదనను. తరువాత ఒకటి రెండు రోజులు మంట కూడా ఉండవచ్చు. చిన్నమ్మ మూత్రాశయం ముడుచుకొనే శక్తిని దాదాపు కోల్పోయింది. ఇప్పుడు ఆమె నర్సు నేర్పిన ప్రకారం శుభ్రమైన గొట్టంతో వేళకు తానే ఖాళీ చేసుకొంటున్నది. చీర తడవడం లేదు.

మన శాస్త్రం ఈ భేదాలను ఎరుగనిది కాదు. మూత్రాఘాతాలను సుశ్రుతుడు 12 విధాలుగా, చరకుడు 13 విధాలుగా చెప్పారు. వేగాన్ని చాలాసేపు ఆపుకొన్నవారికి మూత్రం వెంటనే రాకపోవుట, మెల్లగా వచ్చుట అన్నదానికి మూత్రాతీతమని పేరు. ఇవి కంఠస్థం చేయుటకు మాత్రమే చెప్పినవి కావు గదా!

అలాగని అందరినీ ఆ యంత్రం వద్దకు పంపమనుట నా అభిప్రాయం కాదు. దగ్గినపుడు, తుమ్మినపుడు మూత్రం జారే బాధ ప్రధానంగా ఉండి, ఇతర చిక్కులు లేని 630 మంది స్త్రీలపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. శస్త్రచికిత్సకు ముందు ఈ పరీక్ష చేసినా చేయకున్నా, ఏడాది తరువాత రెండు వర్గాలలోనూ సుమారు 77 శాతం మందికి గుణం కనిపించింది. అటువంటివారికి ఆ ఖర్చు ఎందుకు? నరాల జబ్బు, మూత్రం మిగిలిపోవుట, ఒకసారి చేసిన ఆపరేషన్ విఫలమగుట వంటివి ఉన్నపుడు మాత్రం ఆ గీతలు చూడకుండా ముందుకు పోరాదు.

ఇప్పుడు నా వద్దకు వచ్చిన స్త్రీకి మొదట మూత్ర పరీక్ష, చక్కెర పరీక్ష వ్రాసిస్తాను. కొలత గీతలున్న ప్లాస్టిక్ చెంబు ఒకటి కొనుక్కోమంటాను. మూడు రోజులు ఎన్ని గంటలకు, ఎంత, ఎప్పుడు తడిసింది అన్నది వ్రాసుకొని రావాలి. చదువురాని తల్లులు బడికి పోయే పిల్లలచేత వ్రాయించి తెస్తున్నారు.